'సుసు' – శిశుమార శబ్దము

నూజివీడు మామిడితోటలలో ఆంగ్లభాష స్వీకరించిన భారతీయ పదములు రెండు ఒకేచోట కానవచ్చును. చెట్టున వ్రేలాడు ఫలము 'మాంగో' అయినది. ఇది దక్షిణ ద్రావిడ భాషల పదము. పోర్చుగీసుల 'మంగా' మీదుగా ఆంగ్లమున ప్రవేశించినది. నేలలో బొరియలు త్రవ్వు పందికొక్కు 'బాండికూట్' అయినది. ఇది అచ్చమైన తెలుగు మాట. ఆస్ట్రేలియాలోని వేరొక సంచిజంతువునకు సైతము ఈ పేరు తగిలించినారు! ఈ రెండును ఆంగ్లేయులకు నిత్యవ్యవహార పదములు. మన దేశమునుండియే వెళ్లిన 'సుసు' మాత్రము ప్రకృతిశాస్త్ర గ్రంథములను, పెద్ద నిఘంటువులను దాటి రాలేదు.

సుసు అనగా గంగా బ్రహ్మపుత్రలలో నివసించు మంచినీటి డాల్ఫిన్. కన్నులలో కటకము లేకపోవుటచే ఇది దాదాపు అంధప్రాణి. ధ్వనులు వెలువరించి, వాని ప్రతిధ్వనులనుబట్టి మార్గమును, ఆహారమగు చేపలను గుర్తించును. ఊపిరి తీయుటకు నీటిపైకి వచ్చినపుడు బుస్సుమను శబ్దము వినవచ్చును. ఆ శబ్దమునుబట్టియే 'సుసు' అను పేరు కలిగినదని పలువురు వ్రాసినారు. ఈ వాదము వినసొంపైనదే గాని చాలదు. హిందీలో 'సూఁస్', బెంగాలీలో 'శుశుక్', ప్రాకృతమున 'సుంసుమార', సంస్కృతమున 'శింశుమార', 'శిశుమార' అను రూపములు వరుసగా నిలిచియున్నవి. హిందీ రూపములోని అనునాసికమునకు ప్రాకృత రూపము సమాధానము చెప్పును. ఊపిరి శబ్దము చెప్పజాలదు.

ఋగ్వేదము ప్రథమ మండలమున అశ్వినుల రథమునకు వృషభముతోపాటు కట్టబడిన ప్రాణి శింశుమారమే. అనుస్వారముతో కూడిన ఈ ప్రాచీన రూపమును చూచినచో 'శిశువులను చంపునది' అను వ్యుత్పత్తి తరువాతి కల్పన యని తోచును. చేపలను తిని బ్రతుకు ప్రాణికి ఈ నింద అకారణముగా వచ్చినది.

తెలుగువారికి శిశుమారము నదిలో గాక ఆకాశమున పరిచితము. భాగవత పంచమస్కంధమున శిశుమార చక్రము వర్ణితము; తోక కొనయందు ధ్రువుడుండును. పోతన భాగవతమున ఈ స్కంధమును తెనిగించినవాడు గంగన. కృష్ణా గోదావరులలో ఈ ప్రాణి లేదు గనుక మనవారు శిశుమారమునకు తరచు 'మొసలి' అని అర్థము చెప్పుకొనినారు. దీనిని కేవలము తెలుగువారి పొరపాటనుట న్యాయము గాదు. పాళీ భాషలో సుంసుమారము మొసలియే; కోతి, మొసలి కథకు జాతకములలో సుంసుమార జాతకమనియే పేరు. అదే కథ కథాసరిత్సాగరమున శిశుమారమును ఆశ్రయించినది. దానిని ఆంగ్లీకరించిన టానీ మొసలి యనక, డాల్ఫిన్‌కు దగ్గరి సముద్రప్రాణి యగు 'పార్పాయిస్' పేరు వాడెను. పొడవైన ముట్టె, బయటికి కనిపించు దంతముల వరుస ఘరియల్ మొసలిని తలపించును గనుక రెండర్థములును కలిసిపోయి యుండవచ్చును. అమరసింహుడు వారివర్గమున శిశుమారమును మకరాదులతో చేర్చి చెప్పి ఊరకుండెను.

ఈ ప్రాణికి శాస్త్రీయ వర్ణన 1801లో వెలువడినది. వ్రాసిన ఇద్దరిలో ఒకడు లెబెక్, రెండవవాడు విలియమ్ రాక్స్‌బర్గ్. రాక్స్‌బర్గ్ తెలుగునాటికి క్రొత్తవాడు కాడు. సామర్లకోటలో సస్యపరిశోధనలు జరిపి, కోరమాండల్ తీరపు మొక్కలకు తెలుగు పేర్లు సేకరించి, 1793లో కలకత్తాకు తరలినాడు. 1828లో లెసన్ 'సుసు' అనుదానినే ప్రజాతి నామముగా గ్రహించినాడు. 1830లో వాగ్లర్ ప్లినీ గ్రంథమునందలి 'ప్లాటానిస్టా' అను మాటను ముందుకు తెచ్చినాడు. తుదకు అదియే నిలిచినది. సుసు అరుదైన పదమగుటకు ఇదియొక కారణము. మామిడివలె ఓడలకెక్కి అమ్ముడుపోవు సరకు కాకపోవుట మరియొకటి.

2009లో ఈ డాల్ఫిన్‌ను భారతదేశపు జాతీయ జలచరముగా ప్రకటించినారు. 2025లో వెలువడిన తొలి సమగ్ర గణనలో మన నదులలోని డాల్ఫిన్లు 6,327గా తేలినవి. వానిలో మూడు మాత్రము బియాస్ నదిలోని సింధు డాల్ఫిన్లు. చైనా నదీ డాల్ఫిన్ 'బైజీ' సైతము ఆంగ్ల నిఘంటువులకెక్కినదే. 2006లో యాంగ్‌ట్సీ నదిని గాలించినవారికి అది ఒక్కటియు కనబడలేదు. తెలుగు పాఠ్యపుస్తకములు 'గంగా డాల్ఫిన్' అని వ్రాయునపుడు ప్రక్కన శిశుమారమనియు చేర్చవచ్చును. నిఘంటుకారులు ఈ అర్థమును ముందుంచి, 'మొసలి'ని రెండవ అర్థముగా చూపుట యుక్తము.