మనకంటూ ఒక సంకల్పం

పూజలో సంకల్పం చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. తిథీ, గోత్రం చెప్పి ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని కోరుకుంటాం. అందులో మన కోసమని విడిగా ఏమడుగుతాం చెప్పండి?

మా కాలనీ యోగా క్లాసులో చివర ఇరవై నిమిషాలు యోగనిద్ర. బీహార్‌లోని ముంగేరులో యోగ విద్యాలయం నెలకొల్పిన స్వామి సత్యానంద సరస్వతి (1923-2009) రూపొందించిన పద్ధతి ఇది. పేరుకి నిద్రేగానీ నిద్రపోకూడదు. వెల్లకిలా పడుకుని, కుడిచేతి బొటనవేలితో మొదలెట్టి ఒళ్లంతా ఒక్కో చోటికీ మనసుని నడిపించాలి. మధ్యలో కుక్కరూ, పాలవాడి లెక్కా గుర్తొస్తాయి. రానివ్వండి, మళ్లీ వేలి దగ్గరికి వచ్చేస్తే సరి.

మొదట్లోనూ చివర్లోనూ ఒకే చిన్న వాక్యం మూడేసిసార్లు మనసులో అనుకోవాలి. అదే సంకల్పం. రోజుకొకటి మార్చకూడదు.

"పిల్లల కోసం కాదు, మీ కోసం" అన్నారు టీచరుగారు. హాలంతా నిశ్శబ్దం. అబ్బాయికి సీటు, అమ్మాయికి సంబంధం తప్ప మరేదీ తట్టక పక్కావిడ కళ్లు తుడుచుకున్నారు.

నాకు వారం పట్టింది. "నేను రోజూ రాస్తున్నాను" అన్నదే నా వాక్యం. ఇప్పుడు మధ్యాహ్నం గంటసేపు కాగితాలు నావి. ఇంట్లో ఎవరికీ ఏ లోటూ రాలేదు. మీ వాక్యం ఏమిటో మీరూ వెతుక్కోండి!