పక్కింటి వేధింపులా? పోలీసులే కాదు, కౌన్సిల్ కూడా జవాబు చెప్పాలి

ఇంగ్లండ్‌లో కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది అద్దె గదుల్లో ఉంటున్నారు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పక్కింట్లో పాటల హోరు. తలుపు మీద గుడ్లు కొట్టడం, బస్టాపు దగ్గర తిట్లు. "పరాయి దేశం, మనకెందుకు గొడవ, వీసా పోతే ఎట్లా" అని నోరు మూసుకుంటారు. ఊరుకోనవసరం లేదు. ఇక్కడి చట్టంలో దీనికి దారి ఉంది.

కౌన్సిల్ బాధ్యత ఏమిటి?

1998 నాటి క్రైమ్ అండ్ డిజార్డర్ చట్టం ప్రకారం నేరాలు తగ్గించే పని ఒక్క పోలీసులది కాదు. కౌన్సిల్, పోలీసులు, ఫైర్ సర్వీసు, ఆరోగ్య శాఖ, ప్రొబేషన్ వాళ్లు కలిసి పనిచేయాలి. దీన్నే కమ్యూనిటీ సేఫ్టీ పార్ట్‌నర్‌షిప్ అంటారు.

ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే?

2014లో వచ్చిన చట్టం మీకు ఒక హక్కు ఇచ్చింది. పేరు ఏఎస్‌బీ కేస్ రివ్యూ. దీన్ని ఇదివరకు కమ్యూనిటీ ట్రిగ్గర్ అనేవాళ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్న ఎవరైనా అడగొచ్చు, పౌరసత్వంతో పని లేదు. సాధారణంగా 6 నెలల్లో 3 ఫిర్యాదులు చేసి ఉంటే చాలు. అప్పుడు అధికారులంతా కూర్చుని మీ కేసులో ఎవరు ఏం చేశారో చూడాలి, ఇక ఏం చేయాలో సిఫారసు చేయొచ్చు. ఫలితం మీకు చెప్పాలి. అయితే ఇది కోర్టు తీర్పు కాదు, ఎవరికీ శిక్ష వేయరు. ఆగిపోయిన ఫైలు మాత్రం కదులుతుంది.

మీరు చేయాల్సింది:

1. జరిగిన ప్రతిసారీ తేదీ, టైము, ఏం జరిగిందో రాసిపెట్టుకోండి.
2. జరిగిన నెలలోపే కౌన్సిల్‌కో, పోలీసులకో (101) చెప్పండి. ప్రాణాపాయం ఉంటే 999.
3. ప్రతి ఫిర్యాదుకూ రిఫరెన్స్ నంబరు తీసుకోండి. రేపు లెక్కకొచ్చేది అదే.
4. రంగు, దేశం, మతం పేరుతో తిడితే అది హేట్ క్రైమ్. ఆ మాట స్పష్టంగా చెప్పండి.

రాజీ మాట వస్తే?

చిన్న తప్పులకు కోర్టు దాకా పోకుండా కమ్యూనిటీ రెమెడీ ఉంది. చేసినవాడు తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పడం, పాడుచేసింది బాగుచేయడం లాంటివి. మన ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టినట్టే ఉంటుంది గానీ, ఇక్కడ మీకేం కావాలో పోలీసు అధికారి ముందు అడగాలి. చివరి నిర్ణయం ఆయనదే. ఎదురుపడటం ఇష్టం లేకపోతే ఆ మాట అప్పుడే చెప్పేయండి.

వీసా సంగతి

వేధింపుల మీద ఫిర్యాదు చేసినందుకు వీసా రద్దు చేసే నిబంధన ఏదీ లేదు. ఇందుకు మీ యజమాని అనుమతి కూడా అక్కర్లేదు. వీసా గడువు దాటినవాళ్లు మాత్రం ముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకోండి. పోలీసుల నుంచి హోమ్ ఆఫీసుకు సమాచారం వెళ్లే అవకాశం ఉంది.

ఇంకో మాట. భారతదేశం కామన్‌వెల్త్‌లో ఉంది కాబట్టి, చెల్లే వీసాతో ఇంగ్లండ్‌లో ఉంటున్న 18 ఏళ్లు నిండిన మనవాళ్లకు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంది. పేరు నమోదు చేసుకోండి. మీ వార్డు కౌన్సిలర్‌కు మీ గోడు రాయండి.

ఇంటి దగ్గరున్న కుటుంబాలకూ ఒక మనవి. అమ్మాయి ఫోన్లో ఏడిస్తే "సర్దుకుపో" అనకండి. "రాసిపెట్టావా? నంబరు తీసుకున్నావా?" అని అడగండి.