క్రోమోజోముకు ఆ నొక్కు ఎందుకు?



మీ అబ్బాయి లేదా అమ్మాయి జీవశాస్త్రం నోట్సులో ఇంటూ గుర్తులాంటి బొమ్మ ఒకటి ఉంటుంది. అదే క్రోమోజోము. ప్రాథమిక కుంచనం, ద్వితీయ కుంచనం అని పిల్లలు బట్టీ పడతారు. వాటి పని అర్థమైతే బట్టీ అక్కర్లేదు. అందుకు రెండు దీపపు వత్తులు చాలు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు, మిరపలో 24, మన చేలల్లోని అమెరికన్ పత్తిలో 52 ఉంటాయి. కణం విడిపోయే ముందు ప్రతి క్రోమోజోము రెండు పోగులవుతుంది. వీటిని క్రోమాటిడ్లు అంటారు. సమానమైన రెండు వత్తులను పక్కపక్కన పెట్టి, ఒకచోట దారంతో కట్టించండి. ఆ ముడి సెంట్రోమియర్. అక్కడ పడిన నొక్కు ప్రాథమిక కుంచనం. కణంలోని కండె తంతువులు అక్కడే పట్టుకుని, చెరో పోగును చెరో వైపుకు లాగుతాయి.

ముడి నడిమధ్యన ఉంటే మెటాసెంట్రిక్, కాస్త పక్కకు జరిగితే సబ్‌మెటాసెంట్రిక్, కొసకు దగ్గరైతే ఏక్రోసెంట్రిక్, కొసనే ఉంటే టీలోసెంట్రిక్. ముడి జరిపి చూపిస్తే నాలుగు పేర్లూ గుర్తుండిపోతాయి.

కొన్ని క్రోమోజోములకు రెండో నొక్కు కూడా ఉంటుంది. అదే ద్వితీయ కుంచనం. తంతువులు అక్కడ పట్టవు. రైబోసోముల తయారీకి కావలసిన జన్యువులు అక్కడ ఉంటాయి, కేంద్రకాంశం అక్కడే ఏర్పడుతుంది. దాని అవతల మిగిలే చిన్న బుడిపెను శాటిలైట్ అంటారు.

పంపకం కుదరకపోతే ఏమవుతుంది? పత్తినే చూడండి. దేశవాళీ పత్తిలో 26 క్రోమోజోములే. దాన్ని అమెరికన్ పత్తితో సంకరం చేస్తే 39 వస్తాయి. అందులో 13కు జత దొరకదు. బీజకణాలకు సమంగా పంచడం కుదరక ఆ మొక్క గొడ్డుపోతుంది.

మనుషుల్లోనూ పంపకం ఒక్కోసారి తప్పుతుంది. బీజకణం ఏర్పడేటప్పుడు 21వ క్రోమోజోము జత విడిపోకపోతే, బిడ్డకు అవి మూడు వస్తాయి. డౌన్ సిండ్రోమ్‌కు ఇదే కారణమని 1959లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ప్రకటించారు. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం కొంత పెరుగుతుంది. కానీ ఇది గ్రహణం వల్ల వచ్చేది కాదు, దిష్టి కాదు, ఎవరి తప్పూ కాదు. అలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో తల్లిని నిందించడం అన్యాయం.

ఈ ఆదివారం మీ పిల్లల చేత వత్తులు కట్టించి, పాఠం మీకు చెప్పమనండి. చివరి సంగతి మాత్రం మీరు వాళ్లకు చెప్పండి.