మొగలో మొలిచే గాజు మేత

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర నీళ్లలో పాతిన కర్రనో, కట్టేసిన పడవ అడుగునో తడిమితే చెయ్యి జారుతుంది. గోధుమరంగు పాచి... పడవకు పడితే గీకి పారేయాల్సిందే. సూక్ష్మదర్శిని కింద చూస్తే మాత్రం అదో గాజు నగరం! నీళ్లలో కరిగిన సిలికాతో ఒంటిచుట్టూ గాజు డబ్బా కట్టుకునే ఏకకణ జీవులు... డయాటమ్‌లు. (వీటి పెంకుల మట్టిని కలిపే 1867లో నోబెల్ డైనమైట్ తయారుచేశాడు.)

కొత్త కర్ర నీట మునిగిన కొన్ని గంటల్లోనే దానిమీద బ్యాక్టీరియా పొర కడుతుంది. రోజుల్లోనే డయాటమ్‌లు జిగురు వదిలి అతుక్కుంటాయి. అసలు తమాషా మొగలోనే ఉంది. వానాకాలంలో ఏటినీరు తేలికగా పైన సాగుతుంటే, బరువైన ఉప్పునీరు అడుగున చొచ్చుకొస్తుంది. రెండూ వెంటనే కలవవు. దాంతో ఒకే కర్రకు పైభాగాన మంచినీటి రకాలు, కిందిభాగాన ఉప్పునీటి రకాలు పట్టొచ్చు. వరద బురద వెలుతురుని అడ్డుకుంటే కింది పాచి పలచబడుతుంది.

పడవకు చేటైన ఈ పాచే రొయ్యపిల్లలకూ, నత్తలకూ, చిన్న చేపలకూ మేత. దానికి కావాల్సిన సిలికాను తెచ్చేది నదే. ఎగువన గొట్టా బ్యారేజీ దాటి వచ్చే నీరు తగ్గితే ఉప్పు పైకి ఎగబాకుతుంది, సిలికా తగ్గుతుంది, డయాటమ్‌ల చోటును వేరే నాచులు ఆక్రమించొచ్చు. సముద్రంలో కలిసే నీరంతా వృథా అనేవాళ్లు ఈ లెక్క వేయరు.

ఇలాంటి మార్పుల్ని పసిగట్టడానికి పరిశోధకులు గాజుపలకల్ని వేర్వేరు లోతుల్లో వేలాడదీస్తారు. కొన్ని వారాలయ్యాక తీసి, ఏ రకం ఎంత పట్టిందో లెక్కపెడతారు.