పులసచేపయు మన భోజనపు పళ్లెరమును

గోదావరికి ఎఱ్ఱనీరు తగులుటతోడనే కోనసీమయందును, దాని కావలిగట్టునగల పట్టణములయందును పెద్దమనుష్యుల నోట ఒకే ప్రశ్న వినవచ్చును: "పులస వచ్చినదా?" అని. పుస్తెలమ్మియైనను పులస తినవలెనన్న సామెత మనవారిదే. ఒక్కొక్క చేప పలువేల రూపాయలకు వేలమున పోవుటయు, కొన్నవారు ఆ వెలను బంధుమిత్రులకు చెప్పుకొని మురియుటయు ఏటేట చూచుచున్నాము. చేప తినుట తప్పని మేము చెప్పబోము. తినువారు తాము తినునదేమో యెఱిగి తినవలెనని మాత్రమే మా మనవి.

సముద్రముననున్నంతకాలము ఈ చేపను విలస యందురు. వరదనీరు కడలిలో కలియగానే అది అంతర్వేది మొదలగు నదీముఖములనుండి లోనికి వచ్చి, ప్రవాహమున కెదురీది పైకి పోవును. గ్రుడ్లు పెట్టుటకే ఈ ప్రయాణము. ఉప్పునీటిని విడిచి మంచినీట ఈదినకొలది దాని రుచి మారునని, అప్పుడే అది పులస యగునని మనవారి మాట. మనము వల వేసి పట్టునది, అధికమైన వెల యిచ్చి కొనునది, అందునను గ్రుడ్లున్నదే కావలెనని కోరునది, ఈ యాత్రలోనున్న తల్లిచేపను. విత్తనపుగింజలను దంచి వండుకొనిన రైతును ఊరివారు వెఱ్ఱివాడందురు. పులస విషయమున ఆ పనియే చేసినవాడు రసికుడని పేరు గాంచుచున్నాడు!

భూస్వాములకు ఇందు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైనది. క్షామములకును, వరదలకును లోనై కృశించిన గోదావరి మండలము దానివలననే అన్నపూర్ణ యైనది. కాటన్ దొరను మన రైతులు నేటికిని భక్తితో తలచుకొనుట న్యాయమే. గాని పొలములకు నీటిదారి తెఱచిన ఆ కట్టడమే పులసకు పైదారిని అడ్డగించినది. నాటి ఆనకట్ట స్థానమున నేడున్న బారేజీయు అట్టిదే. సముద్రమునకును బారేజీకిని నడుమనున్న కొలదిమేరయే ఆ చేపకు మిగిలిన పురిటిల్లు. ఆ కొలదిమేరయందే మన వలలును కాచుకొని యున్నవి. గంగానదియందును ఇట్లే జరిగినది. పూర్వము అలహాబాదు దాటి పోవుచుండిన ఈ జాతి, 1975లో ఫరక్కా బారేజీ పనిచేయ మొదలిడిన పిదప, ఎగువ ప్రాంతములయందు మిక్కిలి అరుదైనది. మన వరిచేలు కొంతవఱకు పులస దారిని తీసికొని పండినవే; ఆ ఋణము మనపై నున్నది.

తీర్చు మార్గము లేకపోలేదు. ఈ బంగాళాఖాతపు టొడ్డుననే యున్న బంగ్లాదేశమువారికి ఇదే చేప ఇలిష్ అను పేర ప్రాణప్రదము. 2002-03లో వారి దిగుబడి సుమారు 2 లక్షల టన్నులు. అటుపిమ్మట వారు కొన్ని నెలలపాటు పిల్లచేపలను పట్టరాదనియు, ఆశ్వయుజ పూర్ణిమకు ఇటునటు తల్లిచేపలను ముట్టరాదనియు కట్టడి చేసిరి. వల మానుకొన్న జాలరి కుటుంబములకు బియ్యమిచ్చిరి. 2017-18 నాటికి దిగుబడి 5 లక్షల టన్నులు దాటినది. శాసనముతోపాటు ఆ బియ్యమును గణింపవలెను. పొయ్యిలో పిల్లి లేవని యింట ఎవరు శాసనమును పాటింతురు?

మన తూర్పుతీరమునను యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినముల నిషేధము కలదు. అది సముద్రపు చేపలకు మేలే. గాని పులస నదిలో ప్రవేశించునది ఆ గడువు తీరిన పిదపనే గనుక, దానికి ఇది రక్ష కాజాలదు.

అటులైన తినదగినవి యేవి? మన సంపన్నులు చిన్నచూపు చూచు నెత్తళ్లు, కవళ్లు, కానగంతలు. ఇవి త్వరగా ఎదిగి వేలకొలది గ్రుడ్లు పెట్టును, స్వల్పాయువు గలవి, కడలిలోని సూక్ష్మజీవులను తిని బ్రదుకును. గుండెకు హితమని వైద్యులు చెప్పు చేపనూనె వీనియందు సమృద్ధిగా నున్నది. నెత్తళ్లను ముల్లుతోకూడ నమలినచో సున్నపుధాతువును దొరకును. పెద్దచేప చిన్నచేపను మ్రింగినకొలది పాదరసము దాని మాంసమున కూడుచుండును. 1956లో జపానుదేశమున మినమాటయందు బయలుపడిన వ్యాధి ఈ సంగతిని లోకమునకు నేర్పినది. మన తీరమున బాలెంతలకు పాలు పడునని సొరను వండిపెట్టు ఆచారము కలదు. పెద్దసొరలు గర్భిణులకును బాలెంతలకును కూడవని నేటి వైద్యశాస్త్రము. అదిగాక సొర నిదానముగా ఎదుగును, కొలదిపిల్లలనే కనును. పట్టినంత వేగముగా తిరిగి పెరుగదు.

చిన్నచేపలైనను తఱుగనివని భ్రమింపరాదు. కేరళమున 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన కవళ్లు 2021లో 4 వేల టన్నులైనను పడలేదు. సముద్రపు వేడిమి మొదలగు కారణములు కొన్ని యుండవచ్చును. ఎదుగని పిల్లలను సన్నకన్ను వలలతో ఊడ్చి, ఎండబెట్టి, పొడి చేసి రొయ్యల మేతకు పంపుటయు ఒక కారణము కాకపోదు. మన గోదావరి, కృష్ణా మండలముల చెఱువులలోని రొయ్య తిను మేతలోను ఈ చేపపొడి కలదని పెక్కుమంది యెఱుగరు. తవుడు, తెలకపిండి తిని పెరుగు బొచ్చె, శీలావతి ఈ విషయమున రొయ్యకంటె నిర్దోషములు. నిషేధకాలమున పట్టణవాసులు కొనదగినవి అవియే.

అంగడిలో ఏది అడుగుదుమో వల దానికొఱకే పోవును. గ్రుడ్లున్న పులసకు అధికపు వెల నిచ్చువాడు లేనినాడు దానికై రాత్రియెల్ల ఏటినడుమ కాచుకొనువాడును ఉండడు. చింతచిగురుతో వండిన నెత్తళ్ల కూర జాలరి యింట నిత్యభోజనము. అల్లుడు వచ్చిననాడు దానిని వడ్డించుటకే మనకు సిగ్గు.