గజ్జె కట్టించిన కథానాయిక

తెరమీద కథానాయికగా వెలుగుతున్న రోజుల్లోనే పిల్లలకు నాట్యగురువైన నటీమణి మన బెజవాడ ఆడపడుచు రాజసులోచన. 1935 ఆగస్టు 15న బెజవాడలో జన్మించిన ఆమె పెరిగింది, నాట్యం అభ్యసించింది మద్రాసులో.

1953లో ‘గుణసాగరి’ అనే కన్నడ చిత్రంతో తెరకు పరిచయమయ్యారు. తెలుగు, తమిళ చిత్రాల్లోనూ పేరు గడించారు. 1960లో బి.ఎన్‌.రెడ్డి గారి ‘రాజమకుటం’లో ఎన్‌.టి.రామారావు సరసన నాయిక ఆమే.

ఆ కాలంలో ఆడపిల్ల గజ్జె కడితే నలుగురూ నాలుగు మాటలనేవారు. మన కూచిపూడిలో సైతం తరతరాలుగా సత్యభామ వేషం మగవారే కట్టేవారు. ఇక పిల్లను సినిమా తార వద్దకు పంపాలంటే వెనుకాడని తల్లిదండ్రులు తక్కువ.

అటువంటి రోజుల్లో, 1961లో, రాజసులోచన మద్రాసులో ‘పుష్పాంజలి నృత్య కళాకేంద్రం’ స్థాపించారు. వేషాలు తగ్గాక చూద్దామనుకోలేదు. ఒకవంక షూటింగులు, మరోవంక శిష్యులకు పాఠాలు. తన బృందంతో దేశవిదేశాల్లో నృత్యనాటకాలు ప్రదర్శించారు. దర్శకులు సి.ఎస్‌.రావు గారు ఆమె భర్త.

తర్వాత కాలంలో ఆమెకు సినిమాల్లో తల్లి వేషాలు వచ్చాయి. 2013 మార్చి 5న చెన్నైలో కన్నుమూశారు.

నాయిక వేషానికి వయసు అడ్డొస్తుంది, గురుపీఠానికి రాదు. ఇంట్లో ఆడపిల్ల నాట్యం నేర్చుకుంటానంటే కాదనే ముందు పెద్దలు ఈ బెజవాడ బిడ్డను ఒక్కసారి తలచుకోవాలి. ఆ విద్య సరదాకే కాదు, జీవితాంతం అన్నం పెట్టి, గౌరవం నిలపగలదు.