నీళ్ళ జాడలో ప్రయాణం

ఆఫ్రికా ఖండం దక్షిణ కొసన కేప్‌టౌన్ అనే నగరం ఉంది. అక్కడి నుంచి విక్టోరియా జలపాతం దాకా చాలామంది యాత్రికులు రోడ్డు మీదనే వెళ్తారు. సుమారు మూడు వారాల ప్రయాణం. లారీని బస్సులా మార్చి అందులో పోతారు. రాత్రిళ్ళు గుడారాలు వేసుకుంటారు. వంతులవారీగా వంట చేస్తారు, గిన్నెలు కడుగుతారు.

సింహాలను, ఏనుగులను చూడాలని బయలుదేరతారు. చూస్తారు కూడా. కానీ దారి పొడుగునా ఇంకొకటి వాళ్ళ కంటపడుతుంది. అదే నీళ్ళ సంగతి.

ఆరెంజ్ నది దాటితే నమీబియా దేశం. అక్కడ నమీబ్ ఎడారి ఉంది. ఎటు చూసినా ఎర్రటి ఇసుక దిబ్బలే. కొన్ని 300 మీటర్ల కంటే ఎత్తు. వాన పడటం చాలా అరుదు. మరి ప్రాణులు ఎలా బతుకుతాయి? సముద్రం మీద నుంచి పొగమంచు వస్తుంది. అక్కడ ఒక నల్ల పురుగు ఉంది. అది తెల్లవారుజామున దిబ్బ ఎక్కి, తల కిందికి వంచి నిలబడుతుంది. మంచు దాని వీపు మీద చుక్కలవుతుంది. ఆ చుక్కలు జారి నోట్లో పడతాయి!

నమీబియా ఉత్తరాన సజ్జలు పండిస్తారు. అక్కడ వాటిని మహంగు అంటారు. ఆడవాళ్ళు రోట్లో పోసి రోకళ్ళతో దంచుతారు. తక్కువ వానకే పండే పంట కాబట్టి ఆ నేలకు సరిపోయింది.

పక్కనే బోట్స్వానా దేశం. అక్కడ ఒకవాంగో అనే నది ఉంది. అది సముద్రంలో కలవదు. ఎడారి ఇసుకలోనే పాయలు పాయలుగా చీలి పరుచుకుంటుంది. ఎక్కడో అంగోలా కొండల్లో పడిన వాన, నెలల తర్వాత ఇక్కడికి చేరుతుంది. అందుకే వానలు లేని కాలంలోనే ఇక్కడ వరద వస్తుంది. యాత్రికులు సన్నటి పడవల్లో తిరుగుతారు. పడవవాళ్ళు నిలబడి గెడతో తోస్తారు.

చివరికి జాంబెజీ నది వస్తుంది. ఒక ఒడ్డున జాంబియా, మరో ఒడ్డున జింబాబ్వే. అక్కడ నది 100 మీటర్లకు పైగా లోతుకు దూకుతుంది. జలపాతం వెడల్పు సుమారు 1,700 మీటర్లు. అక్కడివాళ్ళు దానికి ‘ఉరిమే పొగ’ అని పేరు పెట్టుకున్నారు. 1855లో లివింగ్‌స్టన్ అనే తెల్లదొర దాన్ని చూసి, తమ రాణి విక్టోరియా పేరు పెట్టాడు. ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళు తడిసి ముద్దవుతారు. అక్టోబరులో వెళ్తే జాంబియా వైపు చాలాచోట్ల ఉత్త రాతిగోడే కనిపిస్తుంది.

ఇంత పెద్ద నది ఉన్నా కరువు తప్పలేదు. 2024లో నమీబియా, జాంబియా, జింబాబ్వే దేశాల్లో వానలు మొహం చాటేశాయి. మొక్కజొన్న నిలువునా ఎండింది. జాంబియావాళ్ళ ముఖ్యమైన తిండి మొక్కజొన్న పిండితో వండే ముద్ద. అది మన సంకటి లాంటిదే. పంట పోతే ఆ ముద్దే కరువవుతుంది. కరిబా జలాశయం అడుగంటింది. నీళ్ళు లేక కరెంటు తయారీ తగ్గింది. జాంబియాలో ఇళ్ళకు రోజులో చాలా గంటలు కరెంటు లేదు.

యాత్రికులకు జలపాతం ఒక అందమైన దృశ్యం. అక్కడి ఆడవాళ్ళకు నీళ్ళంటే బిందె, పొయ్యి, పిల్లల కడుపు.

మీ ఊరి చెరువులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? వాన తప్పితే ముందుగా ఏది ఆగిపోతుంది? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.